గర్భిణి రక్త పరీక్ష: అంకె ఒకటే, అర్థాలు రెండు

రెంటచింతల: ఎండాకాలం వచ్చిందంటే రెంటచింతల పేరు రాష్ట్రమంతా వినిపిస్తుంది. ఇక్కడ నమోదైన డిగ్రీలను రేడియో చెబుతుంది, పత్రికలు అచ్చు వేస్తాయి. మే నెలలో 44, 45 డిగ్రీలంటే మన ఊరివాళ్లు "ఏముందిలే, ఏటా ఉండేదేగా" అనుకుని తలగుడ్డ చుట్టుకుని పనిలోకి పోతారు. అదే 45 డిగ్రీలు విశాఖపట్నంలో నమోదైతే ఊరు ఊరంతా గగ్గోలెత్తుతుంది. మన ఊళ్లోనే జనవరిలో ఆ అంకె కనిపిస్తే, థర్మామీటరు చెడిపోయిందేమోనని చూస్తారు. అంకె ఒకటే. ఎక్కడ, ఎప్పుడు అన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది.

గర్భిణి రక్త పరీక్ష రిపోర్టు కూడా సరిగ్గా అలాంటిదే. మామూలు మనిషిలో జబ్బుకు గుర్తయిన అంకె గర్భిణిలో ఆరోగ్యానికి గుర్తు కావచ్చు. మామూలు మనిషిలో పెద్దగా పట్టించుకోని అంకె గర్భిణిలో ప్రాణాపాయానికి ముందు మాట కావచ్చు. ముఖ్యంగా రక్తంలోని ఎంజైముల విషయంలో ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా బెంబేలెత్తుతున్నారు. మరికొందరు భయపడవలసిన చోట ధీమాగా ఉండిపోతున్నారు. ఈ రెండో రకం పొరపాటు ఖరీదు ఒక్కొక్కసారి తల్లి ప్రాణం, లేదా కడుపులోని బిడ్డ ప్రాణం.

ఎంజైములంటే ఏమిటి?

మన శరీరంలో ప్రతి కణంలోనూ నిరంతరం ఏదో ఒక పని జరుగుతూనే ఉంటుంది. తిన్న తిండిని శక్తిగా మార్చడం, విషాలను విరిచేయడం, ఎముకను కట్టడం వంటి పనులన్నిటినీ చేసిపెట్టే పనివాళ్లే ఎంజైములు. వీటిలో చాలావరకు కణాల లోపలే ఉండి పనిచేస్తాయి. రక్తంలోకి వచ్చేది బహు స్వల్పం.

గోడౌనులో పేర్చిన మిరప బస్తాలను చూడండి. బస్తాలు బాగున్నంతకాలం నేల మీద నాలుగు కాయలే కనిపిస్తాయి. బస్తాలు చిరిగితే కాయలు గుట్టగా పడతాయి. కాలేయం, అంటే లివరు, కూడా అటువంటి గోడౌనే. దాని కణాలు దెబ్బతింటే లోపలి ఎంజైములు రక్తంలోకి కారిపోతాయి. అందుకే మోచేతి దగ్గర తీసిన కొద్దిపాటి రక్తం, కడుపులో ఉన్న కాలేయం సంగతి చెప్పగలుగుతుంది.

మరి కంటికి కనిపించని ఎంజైమును లెక్కించడం ఎలా? మిరప కోతకు ఎంతమంది కూలీలు వచ్చారో తెలియకపోయినా, సాయంత్రానికి కళ్లంలో పడిన కాయను బట్టి ఇంతమంది వచ్చి ఉంటారని రైతు అంచనా వేయగలడు. లేబరేటరీలో చేసేదీ అదే. ఎంజైముకు కాస్త పని అప్పగించి, నిర్ణీత సమయంలో ఎంత పని చేసిందో చూస్తారు. రిపోర్టులో 'యూనిట్లు' అని రాసేది ఈ పని కొలతనే.

భీమవరంలో పుట్టినవాడు చూపిన దారి

ఈ కొలతల చరిత్రలో ఒక తెలుగువాడి పేరు ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలం రంగు అంత చిక్కగా వస్తుంది. ఫిస్క్, సుబ్బారావుల పద్ధతిగా దానికి ప్రపంచమంతటా పేరు వచ్చింది.

కొన్ని ఎంజైములు చేసే పని, పదార్థాల నుంచి భాస్వరాన్ని విడగొట్టడమే. ఎంత భాస్వరం విడిపోయిందో కొలిస్తే ఎంజైము ఎంత ఉందో తెలుస్తుంది. అలా ఆ నీలం రంగు లెక్క అనేక దశాబ్దాల పాటు ఎంజైముల కొలతకు అక్కరకు వచ్చింది.

మన గర్భిణులకు సుబ్బారావుతో మరొక బంధం కూడా ఉంది. లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులలో కనిపించే ఒక రకం రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం తినిపిస్తే అది తగ్గుతుందని కనుగొన్నారు. ఆ సారంలోని ఔషధమే ఫోలిక్ ఆమ్లం. దానిని 1945లో లెడర్లీ పరిశోధనశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం కృత్రిమంగా తయారు చేసింది. ఈనాడు ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో ఉన్నది అదే.

పెరగవలసినది ఇది

భాస్వరాన్ని విడగొట్టే ఎంజైములలో ముఖ్యమైనది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. రిపోర్టులో 'ఏఎల్‌పి' అని ఉంటుంది. మామూలుగా ఇది కాలేయం నుంచీ, ఎముకల నుంచీ రక్తంలోకి వస్తుంది. పెద్దవాళ్లలో చాలా లేబరేటరీలు 120 యూనిట్ల దరిదాపుల్లో గీత గీస్తాయి. అంతకు బాగా మించితే పిత్తం దారిలో అడ్డు ఉందేమో, ఎముకల జబ్బేమో అని డాక్టర్లు ఆలోచిస్తారు.

గర్భిణి సంగతి వేరు. కడుపులో బిడ్డను పోషించే మాయ కూడా ఈ ఎంజైమును తయారు చేస్తుంది. నెలలు నిండే కొద్దీ మాయ పెరుగుతుంది, దానితో పాటు రక్తంలో ఈ అంకె కూడా పెరుగుతుంది. చివరి మూడు నెలల్లో మామూలు కంటే రెండింతలు, మూడింతలు కూడా కావచ్చు. ఇది జబ్బు కాదు. కాన్పు అయి మాయ బయటపడ్డాక కొద్ది వారాల్లో అంకె దిగిపోతుంది.

మాయ నుంచి వచ్చే ఈ ఎంజైముకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. ఎముకల నుంచి వచ్చే రకాన్ని 56 డిగ్రీల వేడిలో కొద్ది నిమిషాలు ఉంచితే దాని శక్తి చాలావరకు చచ్చిపోతుంది. మాయ నుంచి వచ్చినది 65 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. పల్నాటి ఎండలకు పుట్టినట్లుండే ఈ గుణాన్ని బట్టే శాస్త్రజ్ఞులు రెండింటినీ వేరు చేసి గుర్తించగలిగారు.

కనుక ఎనిమిదో నెల గర్భిణి రిపోర్టులో ఏఎల్‌పి ఒక్కటే పెరిగి, మిగిలినవన్నీ సరిగా ఉంటే, ఆ అంకె పక్కన ముద్రించిన నక్షత్రం గుర్తును చూసి కంగారు పడనక్కరలేదు. లేబరేటరీ యంత్రానికి రక్తం గర్భిణిదని తెలియదు. అది మామూలు మనిషి గీతతోనే పోల్చి గుర్తు పెడుతుంది. తేల్చవలసింది డాక్టరు.

పెరగకూడనివి ఇవి

రిపోర్టులో ఎస్‌జిఓటి, ఎస్‌జిపిటి అనే మరో రెండు పేర్లుంటాయి. కొన్ని లేబరేటరీలు వీటినే ఏఎస్‌టి, ఏఎల్‌టి అని రాస్తాయి. గుండెపోటు వచ్చినవారి రక్తంలో ఎస్‌జిఓటి పెరుగుతుందని 1954లో న్యూయార్కు వైద్యులు తేల్చారు. వెనువెంటనే కాలేయ వ్యాధులను పట్టుకోవడానికి ఈ రెండూ పనికివస్తాయని గ్రహించారు. వీటి గీత సుమారు 40 యూనిట్లు.

గర్భం ధరించినంత మాత్రాన ఇవి పెరగవు. కొంచెం తగ్గినా తగ్గుతాయి. కాబట్టి గర్భిణిలో ఈ అంకెలు 70, 80 ఉన్నా "కడుపుతో ఉంది కదా, అలాగే ఉంటుందిలే" అని సరిపెట్టుకోకూడదు. కారణం వెతకాలి. తొలి నెలల్లో ఆగకుండా వాంతులయ్యే వారిలో ఇవి కొంత పెరగవచ్చు. వాంతులు తగ్గితే సర్దుకుంటాయి. అయిదో నెల దాటాక పెరిగితే మాత్రం తక్షణం పట్టించుకోవాలి.

వీటిలో అతి ప్రమాదకరమైనది బి.పి.తో ముడిపడినది. అయిదో నెల దాటిన గర్భిణికి బి.పి. 140/90కి చేరి, మూత్రంలో ఆల్బుమిన్ పోతుంటే దానిని గుర్రపువాతానికి ముందు దశగా పరిగణిస్తారు. అది ముదిరితే కాలేయం మీద దెబ్బ పడుతుంది. ఎర్ర కణాలు పగిలిపోవడం, కాలేయ ఎంజైములు పెరగడం, నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గడం అనే మూడు లక్షణాలు కలిసి వచ్చే పరిస్థితికి 1982లో అమెరికా వైద్యుడు లూయిస్ వైన్‌స్టైన్ ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలు కలిపి 'హెల్ప్' అని పేరు పెట్టారు. ఎస్‌జిఓటి 70కి, ఎల్‌డిహెచ్ అనే మరో ఎంజైము 600కు చేరి, ప్లేట్‌లెట్లు లక్షకు దిగితే డాక్టర్లు దీనిని గట్టిగా అనుమానిస్తారు.

దీనికి మాత్రల మందు లేదు. తల్లిని నిలకడకు తెచ్చి కాన్పు చేయడమే అసలు చికిత్స. రక్తం, ఆపరేషను థియేటరు, మత్తు డాక్టరు అందుబాటులో ఉన్న చోటికి చేరడం ముఖ్యం. రెంటచింతల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి గంటల ప్రయాణం. ఆ గంటలు ముందుగా తెలుసుకున్నవారికే మిగులుతాయి.

దీని తొలి గుర్తులు తేలికగా మోసం చేస్తాయి. రొమ్ము ఎముక కింద గానీ, కుడి పక్కటెముకల కింద గానీ నొప్పి వస్తుంది. ఇంట్లో "గ్యాసు" అంటారు. తల పగిలిపోయే నొప్పి వస్తుంది. "ఎండ దెబ్బ" అంటారు. కళ్లు మసకబారతాయి. "నీరసం" అంటారు. నెలలు నిండుతున్న స్త్రీలో ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా బి.పి. చూపించి, రక్త పరీక్ష చేయించాలి.

ఎండ పేలినదా, కాలేయం దురదా?

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. వేసవిలో ఎనిమిదో నెల గర్భిణి ఉన్న ఇంటిని ఊహించుకోండి. రాత్రి పూట అరచేతులు, అరికాళ్లు గీరుకుంటూ కోడలు నిద్రపోదు. "అత్తయ్యా, ఒకటే దురదగా ఉంది" అంటుంది. "ఎండకు పేలిందిలే అమ్మాయ్, చల్లటి నీళ్లు పోసుకో" అంటుంది అత్తగారు. అత్తగారి మాటలో ప్రేమకు లోటు లేదు. ఊరంతా చెమటకాయలతో బాధపడే రోజుల్లో ఎవరైనా అలాగే అనుకుంటారు.

చెమటకాయలకూ, ఈ దురదకూ తేడా కనిపెట్టవచ్చు. చెమటకాయలు మెడ, వీపు, మడతల్లో పొక్కులుగా కనిపిస్తాయి. ఈ దురదలో పొక్కులుండవు. గీరిన చారలే ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో ఎక్కువగా మొదలవుతుంది. రాత్రిళ్లు హెచ్చుతుంది. కాలేయంలో పిత్తం సరిగా పారక, పిత్త ఆమ్లాలు రక్తంలో చేరడం వల్ల వచ్చే దురద ఇది. తల్లికి నిద్ర పోతుంది, బిడ్డకు అంతకంటే ఎక్కువ ముప్పు. రక్తంలో పిత్త ఆమ్లాల అంకె 100కు చేరితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఇక్కడ ఏఎల్‌పి ఉపయోగపడదు. మాయ వల్ల అది ముందే పెరిగి ఉంటుంది. చూడవలసినవి పిత్త ఆమ్లాలు, ఎస్‌జిపిటి. ఒకసారి పరీక్షలో అంతా సరిగా ఉన్నా, దురద తగ్గకపోతే వారం పది రోజుల్లో మళ్లీ చేయించాలి. ఎందుకంటే కొందరిలో దురద ముందు వస్తుంది, అంకెలు తరువాత పెరుగుతాయి. జబ్బు తేలితే డాక్టర్లు మందులిచ్చి, అంకెలను గమనిస్తూ, తగిన వారంలో కాన్పు చేయిస్తారు. కాన్పు తరువాత దురద తగ్గిపోతుంది. అయితే తరువాతి కాన్పులో మళ్లీ రావచ్చు. ఆ సంగతి అప్పుడు మొదటి నెలలోనే డాక్టరుకు చెప్పాలి.

కామెర్లు: పసరుతో పోయే కాలం

కళ్లు పచ్చబడితే "వేడి చేసింది" అని పసరు పోయించడం పల్లెల్లో ఇంకా ఉంది. కొన్ని రకాల కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి కనుక పసరుకు పేరు వచ్చింది. గర్భిణి విషయంలో ఈ ప్రయోగం పనికిరాదు.

మురుగు కలిసిన నీళ్ల ద్వారా వ్యాపించే హెపటైటిస్-ఇ అనే కామెర్లు గర్భిణుల పాలిట అతి కఠినమైనవి. 1955-56లో ఢిల్లీలో తాగునీటిలో మురుగు కలిసి వేలాది మందికి కామెర్లు వచ్చాయి. 1978లో కాశ్మీరు లోయలో ఇలాంటి వ్యాధే ప్రబలినప్పుడు గర్భిణులు ఎక్కువగా మరణించడాన్ని అక్కడి వైద్యుడు డాక్టర్ ఖురూ గమనించి ప్రపంచానికి తెలియజేశారు. చివరి మూడు నెలల్లో ఈ వ్యాధి సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా మరణించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ కామెర్లలో ఎస్‌జిపిటి వందల్లోకి, వేలల్లోకి పోతుంది.

కాలువ నీళ్లైనా, బోరు నీళ్లైనా, పైపు పగిలి మురుగు కలిసిందన్న అనుమానం ఉంటే గర్భిణికి కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వాలి. వెల చూసుకుంటే కాసిని కట్టెలు, కాస్త గ్యాసు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో పోతున్నా, అన్నం సయించకపోయినా పసరు కోసం తిరగకుండా ఆసుపత్రికి పోవాలి. కొన్ని ఆకు పసర్లు, మోతాదు మించిన జ్వరం మాత్రలు కూడా కాలేయాన్ని దెబ్బ తీస్తాయి. అప్పటికే మింగినవేవైనా ఉంటే డాక్టరు దగ్గర దాచకూడదు.

రక్తానికీ ఎండ దెబ్బే

తీసిన రక్తాన్ని ఎండలో వదిలేసినా, సంచిలో వేసుకుని గతుకుల రోడ్డు మీద గంటల తరబడి తిప్పినా ఎర్ర కణాలు పగులుతాయి. వాటిలోని ఎల్‌డిహెచ్, ఎస్‌జిఓటి బయటికి వచ్చి అంకెలు అబద్ధంగా పెరుగుతాయి. కనుక రక్తం తీసిన తరువాత నీడలో, చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా లేబరేటరీకి చేర్చాలి. ఒంట్లో ఏ గుర్తూ లేకుండా ఈ రెండు అంకెలే పెరిగితే డాక్టర్లు మళ్లీ రక్తం తీయమనడం అందుకే. "డబ్బు కోసం రెండుసార్లు తీస్తున్నారు" అని అపార్థం చేసుకోకూడదు.

నడుములొంచి పత్తి తీసి వచ్చిన రోజు కండరాల అలసట వల్ల కూడా ఎస్‌జిఓటి కాస్త పెరగవచ్చు. వడదెబ్బ తగిలినవారిలో ఈ ఎంజైములన్నీ పెరుగుతాయి. ముందు రోజు ఏ పని చేసిందీ, ఎంత ఎండలో ఉన్నదీ చెబితే డాక్టరుకు అంకె అర్థం తెలుస్తుంది.

ఎవరు చేయించుకోవాలి?

ఈ ఎంజైముల పరీక్ష ప్రతి గర్భిణికీ ప్రతి నెలా అవసరం లేదు. అందరికీ తప్పనిసరి అయినవి రక్తహీనత పరీక్ష, బి.పి., మూత్రంలో ఆల్బుమిన్, చక్కెర పరీక్ష మొదలైనవి. బి.పి. పెరిగినవారికి, పొక్కులు లేని దురద ఉన్నవారికి, కామెర్లు కనిపించినవారికి, పక్కటెముకల కింద నొప్పి ఉన్నవారికి, వాంతులు ఆగనివారికి, క్షయ మందులు వాడుతున్నవారికి డాక్టరు ఎంజైముల పరీక్ష రాస్తారు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా పరీక్షించే పథకం 2016 నుంచి నడుస్తోంది. ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు, మందులు, రవాణా ఉచితంగా అందించే పథకం 2011లో మొదలైంది. ఆపద వేళ 108కి ఫోను చేయవచ్చు. వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, పాత రిపోర్టులన్నీ వెంట తీసుకుపోవాలి. ఒక్క అంకె కంటే వరుసగా మూడు అంకెలు డాక్టరుకు ఎక్కువ చెబుతాయి. పోయిన వారం 30 ఉన్నది ఈ వారం 60 అయిందంటే, అది నిలకడగా ఉన్న 60తో సమానం కాదు.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు ఇంటివాళ్లు డాక్టరును రెండు ప్రశ్నలు అడగాలి. "ఈ అంకె గర్భిణికి మామూలేనా?" "మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?" ఈ రెండింటికీ జవాబు తెలుసుకోకుండా ఇంటి దారి పట్టకూడదు.

రెంటచింతలలో 45 డిగ్రీలు చూసి భయపడనివాళ్లం మనం. ఎండ మన ఊరికి అలవాటే. కానీ నెలలు నిండిన ఆడపడుచు అరచేయి గీరుకుంటూ నిద్రపోకపోతే, ఆ నేరాన్ని కూడా ఎండ మీదికే నెట్టివేయవద్దు. తెల్లవారగానే ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరడం మంచిది.